సూర్యుడు విసిరింది మన దాకా వచ్చేలోపు

(తెరపై: గుంటూరు ఊరి డ్రోన్ షాట్. పక్కనే 1868 ఆగస్టు 18 అన్న తేదీ.)

నమస్కారం. ఈ వీడియో సూర్యుణ్ణి గమనించే అంతరిక్ష నౌకల గురించే, కానీ గుంటూరు నుంచి మొదలుపెట్టాలి. 1868 ఆగస్టు 18న ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చారు. ఆ గ్రహణం పేరెత్తితే అందరూ హీలియం జాడ దొరికిన సంగతే చెబుతారు. నాకు మాత్రం మర్నాడు జరిగిందే ఇంకా గొప్పగా అనిపిస్తుంది. గ్రహణం వేళ సూర్యుడి అంచున లేచిన ఎర్రటి జ్వాలల వెలుగును, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌లో ఆయన చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా దొరకాలి కదా అనుకున్నారు. 19న, మామూలు ఎండలో, మన ఊళ్లోనే వాటిని మళ్లీ చూశారు. చంద్రుడు అడ్డు రావాల్సిన అవసరమే లేకపోయింది.

కరోనా మాత్రం అంత తేలిగ్గా లొంగదు. సూర్యుడి చుట్టూ పలచగా పరుచుకున్న ఈ పొర వెలుగు, సూర్యబింబం వెలుగులో పది లక్షల వంతు. పగలు మన ఆకాశం వెలుగే దాన్ని మింగేస్తుంది. అందుకే గాలి లేని చోటికి వెళ్లి, బింబాన్ని కప్పేసి చూడాలి. ఆ పని చేసే పరికరమే కరోనాగ్రాఫ్.

(తెరపై: సోహో నౌకలోని లాస్కో అనే కరోనాగ్రాఫ్ తీసిన దృశ్యాలు. మధ్యలో నల్లటి పళ్లెం, దానిలో తెల్లటి గుండ్రటి గీత.)

1995లో వెళ్లిన సోహో నౌక భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్‌1 అనే చోటి చుట్టూ తిరుగుతూ ఇలా చూస్తోంది. ఈ తెల్ల గీతే సూర్యుడి అసలు సైజు. ఒక పక్కకు ఉబ్బుతూ పోతోంది చూడండి, అదే సీఎంఈ, అంటే కరోనల్ మాస్ ఎజెక్షన్. వంద కోట్ల టన్నులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు, తన అయస్కాంత క్షేత్రాన్ని వెంటబెట్టుకుని బయల్దేరుతుంది.

సౌర జ్వాల, అంటే సోలార్ ఫ్లేర్, వేరు. అది వెలుగు, ముఖ్యంగా ఎక్స్‌రేలు. ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తుంది కాబట్టి మనం చూసేసరికే దాని దెబ్బ తగిలిపోయి ఉంటుంది. పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది. సీఎంఈకి మాత్రం పదిహేను గంటల నుంచి కొన్ని రోజుల దాకా పడుతుంది. రెండూ ఒక్కోసారి కలిసి వస్తాయి, ఒక్కోసారి ఒకటే వస్తుంది.

సీఎంఈ పక్కకు పోతే ప్రమాదం లేదు. సూర్యుడి చుట్టూ ఉంగరంలా నలువైపులా విచ్చుకుంటే మాత్రం గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే అది సూటిగా మన వైపే వస్తుండొచ్చు. సూర్యుడి వెనక నుంచి సూటిగా అవతలికి పోయేది కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది! అందుకే అదే సమయంలో ముందువైపు ఏదైనా పేలిందా అని వేరే కెమెరాల్లో వెతుకుతారు.

(తెరపై: శ్రీహరికోట, 2023 సెప్టెంబరు 2.)

మన ఆదిత్య ఎల్‌1 నౌక కూడా 2024 జనవరి 6 నుంచి ఆ ఎల్‌1 దగ్గరే ఉంది. అందులోని వీఈఎల్‌సీ అనే కరోనాగ్రాఫ్ సూర్యబింబం అంచుకు చాలా దగ్గరగా ఉన్న కరోనాను కూడా చూడగలదు. సీఎంఈ పుట్టే చోటు అదే. సోలెక్స్, హీలియోస్ అనే పరికరాలు జ్వాలల ఎక్స్‌రేలను పట్టుకుంటాయి.

ఇన్ని కళ్లున్నా ఒక్క ముఖ్యమైన సంగతి ఫొటోలో కనపడదు. వస్తున్న ప్లాస్మాలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరం వైపు ఉందా, దక్షిణం వైపు ఉందా? సూర్యుడి వైపు మన భూమి క్షేత్రం ఉత్తరంగా ఉంటుంది. వచ్చేది కూడా ఉత్తరమే అయితే దెబ్బ చాలావరకు తప్పిపోతుంది. దక్షిణమైతే రెండూ తెగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ శక్తి లోపలికి చొరబడుతుంది. 1989 మార్చిలో కెనడాలోని క్వెబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది అలాంటి అయస్కాంత తుఫానుకే.

ఆ దిక్కు తెలిసేది ప్లాస్మా వచ్చి ఎల్‌1లో ఉన్న నౌకకు తగిలినప్పుడే. ఆదిత్యలో దానికోసం 6 మీటర్ల చేతికి సెన్సర్లు బిగించారు. లెక్క వేయండి: 15 లక్షల కిలోమీటర్ల దూరం, సెకనుకు 1,000 కిలోమీటర్ల వేగం. చేతిలో మిగిలేది 25 నిమిషాలు. విజయవాడ నుంచి గుంటూరు చేరడానికైనా చాలవు. ఈ గడువును ఎలా పెంచాలన్నదే ఇప్పుడు ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద సమస్య అని నా నమ్మకం.

2024 మే 10న వరుసగా వచ్చిన సీఎంఈలు కలిసి, 2003 తర్వాత అంత తీవ్రమైన తుఫాను తెచ్చాయి. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడటం కెమెరాలకు చిక్కింది. మన ఒంటికేమీ కాదు, వాతావరణం కాపాడుతుంది, టెన్షన్ వద్దు. దెబ్బ తగిలేది ఉపగ్రహాలకు, జీపీఎస్‌కు, పవర్‌ గ్రిడ్లకు.

సూర్యుణ్ణి నేరుగా మాత్రం ఎప్పుడూ చూడకండి. లాస్కో ఫొటోలు ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు. ఉంగరం కనిపిస్తే, ఆ తర్వాతి రెండు మూడు రోజులు ఎల్‌1 నుంచి వచ్చే బీజెడ్ అనే గ్రాఫ్ గమనించండి. అది సున్నా కిందికి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే, దక్షిణం వైపు క్షేత్రం వచ్చిందని అర్థం.