మడోకా మాంగాలు: ఏది ముందు, ఏది తర్వాత?

[తెర మీద: వరసగా పేర్చిన మాంగా కవర్లు. గులాబీ రంగు, రిబ్బన్లు, పెద్ద పెద్ద కళ్ల అమ్మాయిలు.]

ఈ కవర్లు చూసి చిన్నపిల్లల పుస్తకాలనుకుని ఇంట్లో పదేళ్ల పాప చేతిలో పెట్టేయకండి. ఇవన్నీ ‘ప్యూయెల్లా మాగీ మడోకా మాగికా’ కుటుంబంలోని మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు. లోపల చావులున్నాయి, ఆత్మహత్య ఊసుంది, నమ్మించి ముంచడం ఉంది. మేజికల్ గర్ల్ కథ అంటే మెరిసే బట్టలు, మాట్లాడే బుజ్జి జంతువు, చివరికి మంచి గెలవడం. ఇక్కడ బట్టలూ ఉన్నాయి, జంతువూ ఉంది. మూడోదాని గురించి మాత్రం నేనేం చెప్పను.

అందరూ అడిగేది ఒకటే, ఏ వరసలో చదవాలని. పుస్తకాలు వచ్చిన సంవత్సరాల ప్రకారం చదవమనేవాళ్లు కొందరు, కథలో ఏది ముందు జరిగితే అది ముందు చదవమనేవాళ్లు కొందరు. నాకైతే రెండూ నచ్చవు. ఈ కథ నడిచేది రహస్యాల మీద. కాబట్టి ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా చూడాల్సింది ఒక్కటే: ఇది చదివేవాడికి అప్పటికే ఏ గుట్టు తెలిసి ఉండాలని రాసింది? దాన్ని బట్టే ఈ వీడియోలో వరస పెట్టాను.

మొదట అసలు కథ. ఇది మాంగాగా పుట్టలేదు. 2011 జనవరిలో జపాన్ టీవీలో మొదలైన 12 ఎపిసోడ్ల యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్ ఇది. అకియుకి షింబో దర్శకత్వం, గెన్ ఉరోబుచి రచన, షాఫ్ట్ స్టూడియో నిర్మాణం. పాత్రల రూపాలు గీసింది ఉమె అవోకి, అప్పటికే హాయిగా నవ్వించే కథలతో పేరున్న మాంగా కళాకారిణి. ఆ ముద్దొచ్చే మొహాలే ప్రేక్షకులకు వేసిన మొదటి ఎర. మార్చి 11న పెద్ద భూకంపం, సునామీ రావడంతో ప్రసారం పదో ఎపిసోడ్ దగ్గర ఆగింది. చివరి రెండూ ఏప్రిల్‌లో ఒకే రాత్రి వచ్చాయి. పదో ఎపిసోడ్ ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్లకు ఆ ఎదురుచూపు ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

[తెర మీద: హనోకగే గీసిన మూడు వాల్యూమ్‌ల కవర్లు.]

ఆ యానిమేనే హనోకగే మూడు వాల్యూమ్‌ల మాంగాగా గీశారు. హోబున్షా సంస్థ 2011లోనే మూడూ తెచ్చింది. మీ మొదటి మెట్టు ఇదే. అయితే నన్నడిగితే ముందు యానిమే చూడండి, తర్వాత మాంగా పట్టుకోండి. ఎందుకంటే, ఈ కథలో మంత్రగత్తెలు తమ చుట్టూ ఒక చిక్కుదారి లోకం అల్లుకుంటారు. యానిమేలో ఆ లోకాల్ని గెకిదాన్ ఇను కరీ అనే ఇద్దరు కళాకారుల జట్టు కత్తిరించిన కాగితాలు, గుడ్డముక్కలు, పాత బొమ్మలు అతికించినట్టుగా తయారుచేసింది. ముద్దుగా గీసిన అమ్మాయి ఒక్కసారిగా ఆ కాగితపు ముక్కల మధ్య నిలబడేసరికి ఒళ్లు జలదరిస్తుంది. నలుపు తెలుపు పేజీలో ఆ తేడా కనబడదు, అన్నీ సిరా గీతలే. యుకి కజియురా సంగీతం ఎలాగూ పేజీలోకి రాదు. ఇక మాంగాలో దక్కేది మొహాలు. టీవీలో ఒక క్షణం మెరిసి పోయే చూపు దగ్గర పేజీలో మీ ఇష్టం వచ్చినంతసేపు ఆగొచ్చు.

కథలో లెక్క ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. మిగతా పుస్తకాలన్నీ దీని మీదే నిలబడ్డాయి. క్యూబే అనే తెల్లటి జంతువు వచ్చి, తనతో ఒప్పందం చేసుకుంటే ఏ కోరికైనా సరే ఒక్కటి తీరుస్తానంటుంది. బదులుగా ఆ అమ్మాయి జీవితాంతం మంత్రగత్తెలతో పోరాడాలి. చేతికి సోల్ జెమ్ అనే గుడ్డు ఆకారపు రత్నం వస్తుంది. శక్తి వాడిన కొద్దీ ఆ రత్నం మసకబారుతుంది. మంత్రగత్తెను చంపితే గ్రీఫ్ సీడ్ అనే నల్లటి గింజ దొరుకుతుంది. దాన్ని రత్నానికి ఆనిస్తే మసకంతా గింజలోకి పోతుంది.

మెలిక ఎక్కడుందంటే, మంత్రగత్తె కింద ఉండే పిల్ల భూతాలను చంపితే గింజ రాదు. అవి మనుషుల్ని తిని పెద్ద మంత్రగత్తెలైతేనే వస్తుంది. మరి పిల్ల భూతం ఎదురైతే ఇప్పుడే చంపాలా, నలుగురిని తిననిచ్చి పెద్దదయ్యాక చంపాలా? రెండో దారే తెలివైనదని క్యోకో అనే అమ్మాయి నిస్సంకోచంగా చెబుతుంది. సయాకా అనే ఇంకో మేజికల్ గర్ల్ దానికి మండిపడి కత్తి దూస్తుంది. గింజలు తక్కువ, అమ్మాయిలు ఎక్కువ. మంత్రగత్తెల కన్నా ముందు అమ్మాయిలే ఒకరితో ఒకరు కొట్టుకోవడానికి మూలం అదే. ఈ కుటుంబంలో ఏ పుస్తకం తెరిచినా ఈ తగవు ఏదో రూపంలో కనబడుతుంది.

ఇక ఆగండి. అసలు కథ ఇంకా చదవనివాళ్లు వీడియో ఇక్కడితో ఆపేసి, మూడు వాల్యూమ్‌లూ పూర్తిచేసి రండి. ఇక్కడి నుంచి ఒక గుట్టు సగం విప్పక తప్పదు.

[తెర మీద: కొద్ది క్షణాలు నల్లటి తెర.]

హోమురా అనే మేజికల్ గర్ల్ కాలంలో వెనక్కి వెళ్లి అదే నెలను మళ్లీ మళ్లీ మొదలుపెడుతుందని మీకు తెలిసిపోయింది కదా. తర్వాత వచ్చిన రచయితలకు ఇదే వరమైంది. చాలా కథలను ఆమె దాటి వచ్చిన మరో కాలరేఖలో జరిగాయని చెప్పుకోవచ్చు, అసలు కథతో పేచీ ఉండదు.

రెండో మెట్టు ‘ది డిఫరెంట్ స్టోరీ’. ఇదీ హనోకగేదే, మూడు వాల్యూమ్‌లు. మామీ అనే మేజికల్ గర్ల్ గురువుగా, క్యోకో శిష్యురాలిగా ఉన్న రోజులతో మొదలవుతుంది. అసలు కథలో అంత కటువుగా కనబడే క్యోకో ఇక్కడ మామీ ఇంట్లో కేకు తింటూ నవ్వే పిల్ల. ఆమె ఎందుకలా మారిందో మనకు ముందే తెలుసు, అందుకే ఆ నవ్వు చూడటం కష్టంగా ఉంటుంది. అసలు కథ కాక ఇంకొక్కటే చదివే తీరిక ఉంటే దీన్నే చదవమంటాను.

దాని తర్వాత కురోఎ మురా గీసిన ‘ఒరికో మాగికా’. ఒరికో తండ్రి రాజకీయ నాయకుడు. అవినీతి ఆరోపణలొచ్చి ఆత్మహత్య చేసుకున్నాడు. నిన్నటిదాకా చుట్టూ మూగినవాళ్లంతా ఒక్కరోజులో మొహం చాటేశారు. తన బతుక్కి అర్థమేమిటో తెలుసుకోవాలని ఆ అమ్మాయి కోరుకుంటే, భవిష్యత్తు కనబడే శక్తి వచ్చింది. రాబోయే ఘోరం కనబడింది, దాన్ని ఆపడానికి ఎంతకైనా తెగించింది. ఆమె వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేం, హోమురా వైపు నుంచి చూస్తే క్షమించలేం. రెండే వాల్యూమ్‌లు. ఈ కథకు ఇంకో వాల్యూమ్ ఉంటే బాగుండేదనిపిస్తుంది.

[తెర మీద: ‘రెబెలియన్’, ‘రేత్ ఆర్క్’ కవర్లు పక్కపక్కన.]

అభిమానులు వాదులాడుకునేది ఇక్కడే. ‘రెబెలియన్’ 2013 అక్టోబర్‌లో వచ్చిన సినిమా, దాని మాంగా మూడు వాల్యూమ్‌లు. ‘రేత్ ఆర్క్’ ఆ తర్వాత వచ్చింది. కానీ అందులో కథ మాత్రం టీవీ ముగింపుకీ, రెబెలియన్‌కీ మధ్య జరుగుతుంది. కాలక్రమం పట్టుకునేవాళ్లు రేత్ ఆర్క్ ముందు చదవమంటారు. వద్దు. రెబెలియన్ మొదట్లో ఏదో తేడాగా ఉందని మీకు అనుమానం రావాలి, ఆ అనుమానం మెల్లగా పెరగాలి. సినిమా మొదటి సగం నడిచేదే దాని మీద. రేత్ ఆర్క్ ముందే చదివితే హోమురా మనసు ఏ స్థితిలో ఉందో తెలిసిపోయి ఆ అనుమానానికి చోటుండదు. రెబెలియన్ ముగింపు చూసి, ఈ అమ్మాయి ఇంత పని ఎలా చేసిందని కోపం వచ్చాక రేత్ ఆర్క్ తెరవండి. జవాబు కోసం చదువుతారు కాబట్టి అప్పుడు అది రెట్టింపు బాగుంటుంది.

మిగిలినవి ఏ వరసలో చదివినా నష్టం లేదు. ‘కజుమి మాగికా’ ఐదు వాల్యూమ్‌లు, వేరే ఊరు, వేరే అమ్మాయిలు. పెట్టెలో కళ్లు తెరిచిన కజుమికి గతమేదీ గుర్తుండదు. మధ్యలో కాస్త సాగదీసినా, ఆమె ఎవరన్న ముడి మాత్రం గట్టిది. ‘సుజునే మాగికా’లో ఒకమ్మాయి మేజికల్ గర్ల్స్‌నే వేటాడుతుంది. మూడు వాల్యూమ్‌లు చకచకా అయిపోతాయి, గుర్తుండేది మాత్రం తక్కువే. ‘టార్ట్ మాగికా’ 15వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో నడుస్తుంది. నూరేళ్ల యుద్ధంలోని జోన్ ఆఫ్ ఆర్క్ కూడా క్యూబేతో ఒప్పందం చేసుకున్న పిల్లే అంటుంది. చరిత్ర ఇష్టపడేవాళ్లకు బాగా నచ్చుతుంది.

ఇంత చీకటి చదివాక ఊపిరి పీల్చుకోవడానికి ‘హోమురా తమురా’ ఉంది. నాలుగు గడుల జోకులతో, వింత వింత కాలరేఖల్లో ఇరుక్కున్న హోమురా. గీసింది ఆఫ్రో, ఆ తర్వాత క్యాంపింగ్ కథ ‘యురు క్యాంప్’తో పేరు తెచ్చుకున్నది ఈ ఆఫ్రోనే.

‘మాగియా రికార్డ్’ది వేరే దారి. 2017లో మొబైల్ గేమ్‌గా మొదలైంది, దాని నుంచి మాంగా, యానిమే వచ్చాయి. ఇరోహా అనే అమ్మాయి, అందరూ మర్చిపోయిన తన చెల్లెల్ని వెతుక్కుంటూ కమిహామా నగరానికి వస్తుంది. అక్కడ మేజికల్ గర్ల్స్‌కు విముక్తి దొరుకుతుందన్న పుకారు ఉంది. దేని నుంచి విముక్తో తెలియాలంటే అసలు కథ చదివి తీరాలి. గేమ్ 2024లో మూతపడింది, కానీ ఆ కథలోకి వెళ్లడానికి మాంగా, యానిమే ఉన్నాయి.

వీటిలో ఎక్కువ భాగం యెన్ ప్రెస్ ఇంగ్లీషులో తెచ్చింది. పేజీలు కుడి నుంచి ఎడమకే ఉంటాయి, మాంగాకు కొత్తవాళ్లు గమనించండి. కొనేముందు కవర్ మీద పేరు చివరిదాకా చదవండి. ‘ఒరికో మాగికా’ వేరు, ‘ఒరికో మాగికా: శాడ్‌నెస్ ప్రేయర్’ వేరు. రెండోది ముందు ఇంటికొచ్చిందంటే, మొదటిది వచ్చేదాకా దాని ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకండి.