ఫొటోఅకౌస్టిక్ చిత్రం ఎప్పుడు కొలత అవుతుంది?

సభకు నమస్కారం. హైదరాబాద్‌లో భౌతికశాస్త్రం, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుకుంటున్నవారే ఈ సభలో ఎక్కువమంది కనిపిస్తున్నారు కనుక, కణజాలంలోకి వెలుతురు పంపి, అక్కడ పుట్టిన ధ్వనితో లోపలి బొమ్మ గీసే ఫొటోఅకౌస్టిక్ ఇమేజింగ్ ఎంత చక్కని బొమ్మలు ఇస్తుందో వర్ణించే పని పెట్టుకోను. ఆ బొమ్మలోని ప్రకాశాన్ని కణజాలపు శోషణ గుణకంగా, అంటే అది వెలుతురును ఎంతగా పీల్చుకుంటుందో చెప్పే అంకెగా చదవబోతే ఏమేమి అడ్డం వస్తాయో చెబుతాను.

సెల్‌ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడండి. వేలంతా ఎర్రగా వెలుగుతుంది గాని లోపలి ఎముక అంచు కనిపించదు. వెలుతురు లోపలికి బాగానే వెళుతుంది; అయితే అడుగడుగునా పరిక్షేపణం చెందడం, అంటే దిక్కు మారి చెదిరిపోవడం వల్ల, దాదాపు ఒక మిల్లీమీటరు దాటేసరికి అది ఏ దిక్కుగా బయలుదేరిందో ఆనవాలు మిగలదు. అతిధ్వనికి (అల్ట్రాసౌండ్‌కు) ఈ బెడద చాలా తక్కువ. అందుకే లోపలికి వెలుతురును పంపి, బయటికి ధ్వనిని రప్పించుకుంటాం. ఆగి ఆగి పడే వెలుతురుకు పదార్థం శబ్దం చేస్తుందని అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లోనే గమనించాడు.

కొన్ని నానోసెకన్లు మాత్రమే ఉండే లేజర్ పల్స్ పడగానే, రక్తంలోని హిమోగ్లోబిన్ అందులో కొంత పీల్చుకుని డిగ్రీలో వెయ్యో వంతు మేర వేడెక్కుతుంది. వ్యాకోచించే వ్యవధి లేకపోవడంతో ఆ వేడి పీడనంగా మారుతుంది; అంత స్వల్పమైన వేడికే సుమారు 800 పాస్కళ్ల పీడనం పుడుతుంది. అది సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో చర్మం దాకా వస్తుంది కాబట్టి, వచ్చిన ఆలస్యాన్ని బట్టి లోతు కట్టేస్తాం.

ఎక్కడ అన్నది అలా తేలిపోతుంది గాని, ఎంత అన్నది తేలదు. ఆ తొలి పీడనం మూడింటి లబ్ధం: శోషణ గుణకం, అక్కడికి చేరిన కాంతిశక్తి, వేడిని పీడనంగా మార్చే గ్రూనైసన్ గుణకం. మనకు కావలసింది మొదటిదొక్కటే.

మూడోదాన్ని స్థిరాంకమనుకుని వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నీటికి దాని విలువ 22 డిగ్రీల దగ్గర సుమారు 0.12 అయితే, 37 డిగ్రీల దగ్గర సుమారు 0.20. మే నెలలో ఏసీ గదిలో, కణజాలానికి బదులుగా వాడే నమూనా అయిన నీటి ఫాంటమ్‌తో పరికరాన్ని సరిచూసుకుని, అదే అంకెతో ఒంటి వేడిమి దగ్గర కొలిస్తే, అది నీటి లక్షణాలే ఉన్న కణజాలమైనా సరే, ఫలితం 60 శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయి గది వేడెక్కిందంటే, పొద్దుటి కొలతకూ ఆ పూట కొలతకూ పొంతన ఉండదు.

రెండోది ఇంకా మొండిది. ఒకే రక్తం పారే రెండు సిరల్లో ఒకటి మరో సెంటీమీటరు లోతున ఉందనుకుందాం. ఆ దూరంలో వెలుతురు మూడో వంతుకు పడిపోతే, లోతు సిర ప్రకాశమూ మూడో వంతుకు పడిపోతుంది. లోతును బట్టి దిద్దవచ్చు కదా అంటారేమో, ఆ తగ్గుదల మనం కనుక్కోబోయే శోషణ మీదే ఆధారపడి ఉంది! కాబట్టి ముందొక అంచనా వేసుకుని, దానితో కాంతివ్యాప్తిని లెక్కించి, ఆ లెక్కతో అంచనాను సవరించుకుంటూ పోవాలి.

ఆక్సిజన్ కొలిచేటప్పుడు ఇది చిక్కుగా మారుతుంది. 750 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్, 850 దగ్గర ఆక్సిజన్ ఉన్నది ఎక్కువ వెలుతురు పీల్చుకుంటాయి. రెండు కొలతల నిష్పత్తి తీస్తే కాంతిశక్తి కొట్టుకుపోతుందని కొందరి ఆశ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మాత్రం 750నే ఎక్కువగా ఆపేస్తుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే, మిగతావన్నీ సమానమైనా, ఆక్సిజన్ శాతం అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు చర్మాలే ఎక్కువగా ఉన్న మన దగ్గర ఇది చిన్న సవరణ కాదు.

ఇంట్రాలిపిడ్ అనే కొవ్వు ఎమల్షన్‌తో పరిక్షేపణాన్నీ, ఇండియా ఇంకుతో శోషణనూ అమర్చి తయారుచేసే ఫాంటమ్ మీద అలాంటి మెలనిన్ పొర కూడా పరిచి, 37 డిగ్రీల నీటితొట్టెలో ఉంచి, మనకు ముందే తెలిసిన విలువను పరికరం తిరిగి చెబుతోందో లేదో చూసుకోవాలి. ఎంత లోతు వరకు సరిగా చెప్పిందో అంతవరకే అంకె రాసి, ఆ కింద బొమ్మతో సరిపెట్టడమే సరైన పద్ధతని నా అభిప్రాయం.