మా నాన్నకొచ్చిన మెయిలు

శ్రోతలకు నమస్కారం.

మా నాన్న ఆర్ఎమ్ఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరుగా చేసి రిటైరయ్యారు. రైలు పెట్టెలో రాత్రంతా నిలబడి ఉత్తరాలు గళ్లలో వేసే ఉద్యోగం. కోడి కెలికినట్టున్న అడ్రసునైనా ఒక్క చూపులో తేల్చేసేవారు. అలాంటి మనిషిని నిరుడు నవంబరులో ఒక దొంగ ఉత్తరం బోల్తా కొట్టించింది. కాకపోతే అది కాగితం ఉత్తరం కాదు, ఈమెయిలు.

నవంబరంటే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్, అదే జీవన్ ప్రమాణ్, ఇచ్చే నెల. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈ లెక్క దొంగలకూ తెలుసు. "మీ జీవన్ ప్రమాణ్ అందలేదు. 24 గంటల్లో అప్‌డేట్ చేయనిచో పింఛను నిలిపివేయబడును" అని వచ్చింది. పైన మూడు సింహాల బొమ్మ, అడుగున సంతకం, గుండ్రటి స్టాంపు, దాని పక్కన నీలం బటన్. నాన్న నొక్కారు. పింఛను నంబరు, ఖాతా నంబరు నింపారు. ఐదు నిమిషాల్లో ఫోను. "నమస్తే సర్, పింఛన్ సెక్షన్ నుంచి సర్" అంటూ ఎవరో కుర్రాడు, ఎంతో మర్యాదగా. ఓటీపీ అడిగాడు. చెప్పారు. 42 వేలు పోయాయి.

నాకు తెలిసింది మూడో రోజు. అదీ ఆయన చెప్పలేదు. "మీ నాన్న సరిగ్గా అన్నం తినట్లేదురా" అని అమ్మ ఫోన్ చేస్తే, తవ్వితే బయటపడింది.

ఆ మూడు రోజుల సంగతే ఈ పూట చెబుదామని వచ్చాను. ఎందుకు దాచారంటే, నేను తిడతానని. అంతకుముందోసారి ఎవరి నంబరుకో రీచార్జి చేసేశారని, పిల్లల ముందే "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా" అని గట్టిగా అరిచాను. పోయింది రెండు వందలే. ఆ అరుపు మాత్రం ఆయనకు గుర్తుండిపోయింది.

డబ్బు పోయిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసుంటే ఎంతో కొంత ఆగేది. ఆ నంబరుకు చెబితే, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకు కబురందుతుంది. అక్కడ ఇంకా మిగిలి ఉంటే పట్టి ఉంచుతారు. దొంగలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి నాలుగు ఖాతాలకు చిల్లర చేసి తోసేస్తారు కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కే. రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన నిబంధన కూడా ఉంది: మనమే ఓటీపీ చెప్పేసిన కేసులో, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనది, తెలియజేశాక జరిగేది బ్యాంకుది. అంటే నా అరుపు ఖరీదు మూడు రోజులు.

ఇంకో రకం మెయిలు ఇంతకన్నా పాపిష్టిది. సీబీఐ పేరుతోనో, సైబర్ పోలీసుల పేరుతోనో కోర్టు కాగితంలాంటి పీడీఎఫ్ వస్తుంది. మీరు చూడకూడని వీడియోలు చూశారు, 24 గంటల్లో జవాబివ్వకపోతే అరెస్టు అని. ఆ మాట ఏ పెద్దాయన కొడుకుతో చెప్పుకుంటాడు? కోడలితో? దొంగ నమ్ముకున్నది ఆ సిగ్గునే. ఇలా ఫోన్లోనో వీడియో కాల్లోనో అరెస్టు పేరుతో బెదిరించడాన్నే డిజిటల్ అరెస్టు అంటున్నారు. మన చట్టంలో అలాంటిదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో, ఇదే రేడియోలో, ఆ మాట చెప్పారు.

సరే, నాన్న దగ్గరికొస్తాను. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. సెల్‌ఫోన్లో మెయిలు తెరిస్తే పంపినవారి పేరొక్కటే కనబడుతుంది. ఆ పేరు మీద వేలు పెడితే అసలు అడ్రసు బయటికొస్తుంది. పెట్టించాను. మధ్యలో ఎక్కడో "గవ్ డాట్ ఇన్" ఉంది, చివర మాత్రం ఊరూ పేరూ లేని ఇంకేదో డాట్ కామ్.

కళ్లజోడు సర్దుకుని నాన్న చాలాసేపు చూశారు. "ఫ్రమ్ అడ్రసు ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చురా. మేం చూసేది ఆఖరి లైను. వీధి పేరు గాంధీనగరం అని ఉంటే ఏం తెలుస్తుంది, ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఏ ఊరు, ఏ జిల్లా, అది చూసే గడిలో వేస్తాం." 1972లో పిన్‌కోడ్ వచ్చాక ఆ ఆరంకెలే చూసేవారట.

నేను గంటసేపు చెప్పాలనుకున్నది ఆయనే చెప్పేశారు. ప్రభుత్వానిదైతే చివర గవ్ డాట్ ఇన్ గానీ నిక్ డాట్ ఇన్ గానీ ఉండాలి. మన బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు ఆఖరుకల్లా బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఇదొక్కటే చాలదు, అడ్రసును కూడా దొంగగా సృష్టించగలరు. అందుకని మెయిల్లో ఉన్న బటన్ నొక్కడం మా ఇంట్లో పూర్తిగా బంద్. అనుమానమొస్తే ఏటీఎం కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేయడం, లేదా బ్యాంకుకు నడిచి వెళ్లడం. లైఫ్ సర్టిఫికెట్ పనైతే పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి చేసిపెడతాడు.

ఆ రోజు నాన్నకు ఇంకో విషయం చెప్పాను. ఆఫీసులో కొరియర్ మెసేజీ అనుకుని లింకు నొక్కి నేనూ 900 పోగొట్టుకున్నాను. మా ఆవిడకు కూడా అప్పటిదాకా తెలియదు. నాన్న నవ్వలేదు, తిట్టలేదు. "1930కి చేశావా?" అన్నారంతే.

మొన్న మనవడి పుట్టినరోజు ఫొటోల లింకు ఆయనకు మెయిల్ చేశాను. సాయంత్రమైనా చూసినట్టు లేదు. నేనే ఫోన్ చేసి అడిగాను.

"నీ పేరుంది సరే," అన్నారు, "ముద్ర ఏ ఊరిదో తేలలేదు. అందుకని తెరవలేదు."