లాస్ వేగాస్: వెనక తలుపు వైపు నుంచి

(హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీ ప్రిన్సిపల్ గారు ఫోన్ చేసి, "లాస్ వేగాస్ చరిత్రలో మరపురాని ఘట్టాల గురించి మా పిల్లలకు చెప్పండి సార్" అన్నారు. ఆ ఊరి పేరు వినగానే మీకు దీపాలు, పేకముక్కలు, గిర్రున తిరిగే చక్రాలు కళ్లముందుకొస్తాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా హోటళ్లలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం హౌస్ కీపింగ్‌లోనే గడిచింది. ఏ హోటల్‌కి వెళ్లినా నా కాళ్లు ముందు సర్వీస్ మెట్ల వైపు లాగుతాయి. కాబట్టి ఆ ఊరి కథ కూడా అటువైపు నుంచే చెబుతాను. మాఫియా కథలు మీకు ఫోన్లో బోలెడు దొరుకుతాయి.

లాస్ వేగాస్ అంటే స్పానిష్ భాషలో పచ్చిక బయళ్లు అని అర్థం. మొహావీ ఎడారి మధ్యలో అక్కడ నీటి ఊటలుండేవి. లాస్ ఏంజెలెస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి రైలు మార్గం వేసినవాళ్లకు ఆవిరి ఇంజన్ల కోసం దారిలో నీళ్లు కావాలి. ఆ ఊటలున్న చోట స్టేషన్ కట్టారు. 1905 మే 15న రైల్వే కంపెనీ అక్కడి స్థలాలను ప్లాట్లుగా కొట్టి వేలం వేసింది. అదే ఊరి పుట్టినరోజు. పాతికేళ్లు గడిచినా అది చిన్న రైల్వే ఊరుగానే ఉండిపోయింది. 1930 జనాభా లెక్కల్లో అక్కడున్నది 5,165 మంది.

మరుసటి ఏడాది రెండు సంగతులు కలిసొచ్చాయి. అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. 1931 మార్చి 19న నెవాడా గవర్నర్ ఫ్రెడ్ బాల్జర్ జూదాన్ని చట్టబద్ధం చేస్తూ సంతకం పెట్టాడు. ఖజానాకు పన్ను రావాలి, రాష్ట్రానికి జనం రావాలి. ఆ ఏడాదే విడాకులు కోరేవాళ్లు నెవాడాలో ఆరు వారాలుంటే చాలని కూడా చట్టం చేశారు. అంటే ఆరు వారాలు బస, ఆరు వారాలు భోజనం! హోటళ్లకు అంతకంటే ఏం కావాలి? ఇంకోపక్క కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. కూలీల కోసం ప్రభుత్వం బౌల్డర్ సిటీ అని కొత్త ఊరు కట్టి, అక్కడ జూదం నిషేధించింది. జీతం అక్కడ, దాన్ని ఖర్చుపెట్టేది లాస్ వేగాస్‌లో. జూదమంటే మనకు ధర్మరాజు గుర్తొస్తాడు కదా. సర్వం ఒడ్డి పోగొట్టుకున్న కథ విని పెరిగినవాళ్లం. అందుకే ఒక రాష్ట్రం బతకడానికి జూదాన్నే నమ్ముకోవడం నాకు మొదట్లో మింగుడుపడలేదు. కానీ ఆనాటి నెవాడా పేదరికం గురించి చదివాక, వాళ్ల ఇబ్బంది కొంతైనా అర్థమైంది.

1941లో థామస్ హల్ అనే హోటల్ యజమాని ఊరి పొలిమేర దాటి, లాస్ ఏంజెలెస్ హైవే పక్కన ఎల్ రాంచో వేగాస్ కట్టాడు. రోడ్డు మీంచి కనబడేలా ఈతకొలను, బోలెడంత పార్కింగ్. ఈ రోజు స్ట్రిప్ అని పిలిచే వీధికి అదే ఆరంభం. 1946 డిసెంబర్ 26న ఫ్లమింగో తెరుచుకుంది. దాన్ని బగ్సీ సీగెల్ అనే గ్యాంగ్‌స్టర్ కలగని కట్టాడని అందరూ చెబుతారు. నిజానికి మొదలుపెట్టినవాడు బిల్లీ విల్కర్సన్ అనే పత్రికాధిపతి. డబ్బు చాలక సీగెల్ చేతికి వెళ్లింది. ఆరు నెలలకే సీగెల్‌ని కాల్చి చంపారు. ఆయన గురించి ఇంతకుమించి చెప్పను. ఆ స్ట్రిప్ మాత్రం, మీరు ఫొటోల్లో చూసే ఆ వీధి, చట్టం ప్రకారం చాలావరకు లాస్ వేగాస్ నగరంలో లేదు. నగరం తమను కలుపుకుని పన్ను వేస్తుందని కాసినో యజమానులు పట్టుబట్టి, 1950లో ప్యారడైజ్ అనే వేరే ఊరు ఏర్పాటు చేయించుకున్నారు.

ఇక అసలు నేను చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాను.

ఆ రోజుల్లో స్ట్రిప్‌లో పాడటానికి నల్లజాతి కళాకారులను పిలిచేవాళ్లు. నాట్ కింగ్ కోల్, శామీ డేవిస్ జూనియర్ లాంటి మహామహులు. టికెట్లు అమ్ముడయ్యేది వాళ్ల పేరు మీద. పాట అయిపోయి చప్పట్లు మోగుతుండగానే ఆ మనిషి వెనక తలుపులోంచి బయటికి వెళ్లిపోవాలి. ఆ హోటల్లో గది ఇవ్వరు. డైనింగ్ హాల్లో కూర్చోనివ్వరు. రైలు పట్టాలకు అవతల వెస్ట్‌సైడ్ అనే పేట ఉండేది. నల్లవాళ్లంతా అక్కడే ఉండాలి. అక్కడ జెనెవీవ్ హారిసన్ అనే ఆవిడ తన ఇంట్లో గదులు అద్దెకిచ్చేది. వేలమంది చప్పట్లు కొట్టిన గాయకుడికి ఆ రాత్రి తలదాచుకునే చోటు అదే. మిసిసిపీ అంటే వర్ణవివక్షకు పేరుమోసిన దక్షిణాది రాష్ట్రం. ఆ ఊరిని 'పడమటి మిసిసిపీ' అనేవాళ్లంటే ఊరికే కాదు. గదులు శుభ్రం చేసేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు కూడా ఎక్కువగా ఆ పేటవాళ్లే. పక్క వేసిన మనిషి ఆ పక్క మీద పడుకునే అతిథి కాలేడు. ఈ మాట మనకు కొత్తగా అనిపిస్తోందా? మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లు ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు.

1955 మే 24న వెస్ట్‌సైడ్ పక్కనే మూలాన్ రూజ్ అనే హోటల్ తెరిచారు. ఆ ఊళ్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చోగలిగిన మొదటి కాసినో హోటల్ అది. అతిథులకు స్వాగతం చెప్పింది బాక్సింగ్ చాంపియన్ జో లూయిస్. తెల్లవారుజామున రెండున్నరకు ఇంకో షో పెట్టేవాళ్లు. స్ట్రిప్‌లో తమ ప్రోగ్రామ్ ముగించుకుని పెద్ద పెద్ద స్టార్లంతా అక్కడికొచ్చి వాలేవాళ్లు. హోటల్ పనివాళ్లు డ్యూటీ దిగి అదే హాల్లో కూర్చునేవాళ్లు. అంత కళకళలాడిన చోటు ఆరు నెలలైనా తిరగకుండానే అప్పుల్లో మూతపడింది.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఆ ఊరికొచ్చిన మొట్టమొదటి నల్లజాతి దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్ఏఏసీపీ అనే సంఘం స్థానిక శాఖకు ఆయనే అధ్యక్షుడు. 1960లో ఆయన గడువు పెట్టాడు: మార్చి 26 నాటికి హోటళ్ల తలుపులు మాకు తెరవకపోతే స్ట్రిప్ మీద ఊరేగింపు తీస్తాం. టూరిస్టులే జీవనాధారమైన ఊళ్లో, టీవీ కెమెరాల ముందు ఊరేగింపంటే యజమానులకు ఎంత టెన్షనో ఊహించుకోండి. ఆయనకు బెదిరింపులు వచ్చాయి. వెనక్కి తగ్గలేదు. చివరికి మార్చి 26న యజమానుల తరఫున ఒప్పుకోలు వచ్చింది. గవర్నరు, మేయరు, పోలీసు అధికారులు, సంఘం నాయకులు ఒకచోట కూర్చుని దాన్ని ఖాయం చేశారు. ఎక్కడ కూర్చున్నారో తెలుసా? మూతపడిన మూలాన్ రూజ్ కాఫీ షాపులో. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అప్పటికి ముందు తలుపే తెరుచుకుంది. కౌంటర్ దగ్గర, పేక బల్లల దగ్గర మంచి ఉద్యోగాల కోసం 1971లో కోర్టు ఒప్పందం వచ్చేదాకా కొట్లాడాల్సి వచ్చింది.

అదే 1971 మార్చిలో ఇంకో ఊరేగింపు. రూబీ డంకన్ ఒక హోటల్ వంటగదిలో పనిచేస్తూ నేల మీద పడిన నూనెకు జారి నడుం దెబ్బతీసుకున్న మనిషి. రాష్ట్రం పేద తల్లుల సాయాన్ని ఉన్నట్టుండి కోసేస్తే, ఆవిడ తనలాంటి ఆడవాళ్లను కూడగట్టి స్ట్రిప్ మీద నడిపించింది. పిల్లల్ని చంకనేసుకుని, చేయిపట్టుకుని నేరుగా సీజర్స్ ప్యాలెస్ అనే కాసినో హోటల్లోకి నడిచారు. ఆడుతున్న ఆట ఆగిపోయింది. రెండు వారాల్లో ఫెడరల్ కోర్టు ఆ సాయాన్ని తిరిగి ఇప్పించింది. మీలో వంటగదిలో ట్రైనింగ్ చేసినవాళ్లకు నేల మీద నూనె అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీరు దయచేసి నోట్స్ రాసుకోండి.

1980 నవంబర్ 21, తెల్లవారి ఏడు దాటింది. అప్పటి ఎంజీఎం గ్రాండ్ హోటల్, 26 అంతస్తులు, రెండు వేలకు పైగా గదులు. కింద ఒక డెలీ రెస్టారెంట్‌లో కేకులు పెట్టే చల్లని అద్దాల బీరువా ఉండేది. దాని కరెంటు తీగల లోపం వల్ల గోడలోపల నిప్పు రాజుకుంది. ఆ రెస్టారెంట్‌లో స్ప్రింక్లర్లు, అంటే మంట వస్తే పైనుంచి వాటంతటవే నీళ్లు చల్లే గొట్టాలు, లేవు. ఇరవై నాలుగు గంటలూ మనుషులుండే చోటు కదా, మంట వస్తే ఎవరో ఒకరు చూస్తారని మినహాయింపు ఇచ్చారు. తర్వాత ఆ రెస్టారెంట్‌ను రాత్రిళ్లు మూసేయడం మొదలుపెట్టారు. మినహాయింపు మాత్రం అలాగే ఉండిపోయింది. చూసే మనిషి లేడు, నీళ్లు చల్లే గొట్టమూ లేదు. గోడలోపల మంట ఎంతసేపటి నుంచి ఉందో గానీ, బయటపడ్డాక నిమిషాల్లో కాసినో హాలంతా ఊడ్చుకుంటూ ముందు ద్వారం దాకా వచ్చేసింది.

85 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంట మొహం చూడనే లేదు. వాళ్లు పై అంతస్తుల్లో ఉన్నారు. లిఫ్టు షాఫ్టుల్లోంచి, మెట్ల దారుల్లోంచి, గోడల మధ్య సందుల్లోంచి పొగ పైకి ఎగబాకింది. మెట్ల తలుపులు ఒకసారి లోపలికి వెళితే మళ్లీ అంతస్తులోకి రాకుండా తాళం పడే రకం. పరుగెత్తి మెట్ల మీదకొచ్చినవాళ్లకు కింద పొగ, వెనక్కి తిరిగితే తెరుచుకోని తలుపు. హెలికాప్టర్లు వచ్చి పైకప్పు మీదనుంచి వందలమందిని కాపాడాయి. ఆ స్ప్రింక్లర్లు పెట్టడానికి సుమారు 1,92,000 డాలర్లు అయ్యేదట. తర్వాత బాధితులకు చెల్లించిన పరిహారం 22 కోట్ల డాలర్లు దాటింది. మూడు నెలలు తిరక్కుండా, 1981 ఫిబ్రవరి 10న, ఆ ఊళ్లోనే హిల్టన్‌లో మంటలు రేగి ఇంకో 8 మంది పోయారు. దాంతో పాత ఎత్తైన హోటళ్లకు కూడా స్ప్రింక్లర్లు పెట్టి తీరాలని నెవాడా చట్టం చేసింది. ఈనాడు మీరు ఏ పెద్ద హోటల్‌కి వెళ్లినా గది తలుపు వెనక బయటికి వెళ్లే దారి మ్యాప్ ఉంటుంది, పైన చిన్న స్ప్రింక్లర్ ఉంటుంది. అలాంటి ప్రమాదాల్లో పోయిన ప్రాణాల నుంచే ఆ జాగ్రత్తలన్నీ నేర్చుకున్నాం.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక హోటల్లో అయిదో అంతస్తు వెనక మెట్ల తలుపుకు ఇనప గొలుసు చుట్టి తాళం వేసి ఉండేది. బిల్లు కట్టకుండా ఎవరైనా దిగిపోతారని, దుప్పట్లు బయటికి పోతాయని. తాళంచెవి సెక్యూరిటీ కేబిన్‌లో, కింద. రోజూ ఆ గొలుసు పక్కనుంచే లినెన్ ట్రాలీ తోసుకుంటూ వెళ్లేవాణ్ణి. రెండేళ్లు వెళ్లాను. ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. ఎంజీఎం సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మా మేనేజర్ దగ్గరికి వెళ్లి గొలుసు తీయించమన్నాను. వారం రోజులు తిప్పించుకుని తీయించారు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1991 సెప్టెంబర్ 21న ఫ్రాంటియర్ అనే కాసినో హోటల్లో సుమారు 550 మంది సమ్మెకు దిగారు. గదులు ఊడ్చేవాళ్లు, వడ్డించేవాళ్లు, వంటవాళ్లు. యజమానులు పెన్షనూ జీతాలూ కోయాలనుకున్నారు. హోటల్ కార్మికుల సంఘమైన క్యులినరీ యూనియన్ ఆధ్వర్యంలో ఆరేళ్ల నాలుగు నెలలు, రాత్రీ పగలూ, ఎడారి ఎండలో, చలికాలం గాలిలో, ఆ హోటల్ ముందు పికెటింగ్ ఆగలేదు. ఆ లోపు వాళ్లలో కొందరు చనిపోయారు, కొందరికి పిల్లలు పుట్టారు. ఒక్కరంటే ఒక్కరు సమ్మె వదిలి లోపలికి పనికి వెళ్లలేదు. చివరికి హోటల్ చేతులు మారింది. 1998 ఫిబ్రవరి 1న కొత్త యజమాని యూనియన్ ఒప్పందానికి ఒప్పుకున్నాడు. ఆ హోటల్‌ను 2007లో కూల్చేశారు.

మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ఒక రాత్రి లాస్ వేగాస్‌లో ఆగాం. మా అల్లుడు ఫౌంటెన్ షో చూద్దాం మావయ్యా అన్నాడు. నేను నియాన్ మ్యూజియం అన్నాను. కూల్చేసిన హోటళ్ల పాత సైన్ బోర్డులన్నీ అక్కడ ఆరుబయట నిలబెట్టి ఉంటాయి. తుప్పు పట్టినవి, బల్బులు ఊడినవి. వాటి మధ్య వంపులు తిరిగిన పెద్ద పెద్ద అక్షరాలు ఎర్రగా వెలుగుతున్నాయి. మూలాన్ రూజ్. ఆ భవనం మంటల్లో కాలిపోయి, మిగిలింది కూల్చేశారు. అక్షరాలు మాత్రం మళ్లీ వెలిగించారు. వాటిని గీసింది బెట్టీ విల్లిస్. ఆ ఊరి పొలిమేరలో అందరూ ఫొటో దిగే స్వాగతం బోర్డు కూడా 1959లో ఆవిడ గీసిందే. ఆ బోర్డు మీద ఆవిడ హక్కులు ఉంచుకోలేదు, ఊరికి ఇచ్చేసింది. మా అమ్మాయి నన్ను ఆ ఎర్ర అక్షరాల ముందు నిలబెట్టి ఫొటో తీసింది. ప్రసంగం అయ్యాక ఎవరైనా చూస్తానంటే నా ఫోన్లో ఉంది, చూపిస్తాను.