భయం కలిగిన దినమున
(సికింద్రాబాదులోని ఒక సంఘంలో, రోగులను పరామర్శించే సభ్యుల కూడికలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగ పాఠం)

పూజ్యులైన అయ్యగారికి, అమ్మగారికి, పాస్టరేట్ కమిటీ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర మానుకొని వచ్చిన మీ అందరికీ వందనాలు. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవడం మన అలవాటే గాని, నాకిచ్చిన అరగంటలో సగం దానికే సరిపోతుంది గనుక వారు నన్ను మన్నించాలి. "శ్రమకాలంలో దేవునియందు నమ్మిక, భయముపై విజయం" అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంశంలోని మొదటి భాగంతో నాకు ఏ తగాదా లేదు. రెండో భాగంతో ఉంది. ఆసుపత్రి వార్డుల్లో తిరిగినన్నాళ్లూ ఆ విజయం అన్న మాట మంచం మీదున్న మనిషిని ఎంత బాధపెట్టగలదో చూశాను గనుక, ఆ తగాదా మీ ముందు పెట్టడానికే ఈ పిలుపును ఒప్పుకున్నాను.

దయచేసి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి. యేసు సువార్త ప్రకటించిన పౌలు ఖైదీగా రోమాకు ఓడలో వెళుతున్నాడు. క్రేతు ద్వీపంలో మంచిరేవులు అనే చోట ఓడ ఆగింది. (మన నార్సింగి పక్కనున్న మంచిరేవుల కాదు లెండి, చిన్నపిల్లలు నవ్వుతున్నారు.) చలికాలం దగ్గరపడింది, ముందుకు పోతే నష్టం తప్పదని పౌలు చెప్పాడు. ఖైదీలను తీసుకువెళుతున్న రోమా సైనికాధికారి, అంటే శతాధిపతి, ఆయన మాట కాదని, ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తరువాత ఊరకులోను అనే పెనుగాలి వచ్చి ఓడను పట్టుకుంది. తాళ్లతో ఓడను చుట్టి కట్టారు, సరకు పారవేశారు, చివరకు ఓడ సామగ్రిని కూడా తమ చేతులతో సముద్రంలో పడవేశారు. చాలా దినాలు సూర్యుడూ కనబడలేదు, నక్షత్రాలూ కనబడలేదు. ఇక బ్రతుకుతామన్న ఆశ బొత్తిగా పోయిందని ఈ పుస్తకం రాసిన లూకా చెప్పాడు. ఆయన ఆ ఓడలోనే ఉన్నాడు గనుక, ఆశ పోయినవారిలో తనను మినహాయించుకోలేదు.

ఆ రాత్రుల్లో ఒక రాత్రి దేవదూత వచ్చి పౌలుతో మొదట పలికిన మాట "భయపడకుము" అనే. భయమే లేని మనిషి దగ్గరకు ఆ మాట చెప్పడానికి దేవదూత రావలసిన పని ఏముంది? మనం ఈ వాక్యాన్ని గోడ మీది క్యాలెండర్లలో వేసుకుంటాం గాని, ఆ మాటకు ముందు పౌలు ఎలా ఉండి ఉంటాడో ఆలోచించం. బైబిల్లో ఈ మాట 365 సార్లు ఉందని, రోజుకొకటి చొప్పున దేవుడు ఇచ్చాడని ప్రతి జనవరిలోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కూర్చుని లెక్కపెడితే అన్ని దొరకవు. ఎన్నిసార్లు ఉన్నా, ఎక్కువసార్లు అది వణుకుతున్న మనిషితో చెప్పినదేనన్నది మాత్రం మనం మరచిపోకూడదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ తరువాత వస్తుంది. ఒక్క ప్రాణమైనా పోదని దేవదూత మాట ఇచ్చాడు. అయినా పద్నాలుగో రాత్రి నావికులు నీటి లోతు కొలిచారు. మొదట ఇరవై బారలు, కొంత దూరం పోయాక పదిహేను బారలు ఉంది. రాళ్లకు కొట్టుకుంటామేమోనని ఓడ వెనుక నుంచి నాలుగు లంగర్లు వేసి, ఎప్పుడు తెల్లవారుతుందా అని కాచుకొని ఉన్నారు. ఈలోగా నావికులు లంగర్లు వేసే నెపంతో చిన్న పడవను దించి, ప్రయాణికులను వదిలి పారిపోబోయారు. దేవుడు మాట ఇచ్చాడు గదా, వీళ్లు ఉంటేనేం పోతేనేం అని పౌలు అనవచ్చు. అనలేదు. వీరు ఓడలో ఉంటే తప్ప మీరు బ్రతకరని శతాధిపతికి, సైనికులకు చెప్పాడు. వారు పడవ తాళ్లు కోసేశారు. దేవుని వాగ్దానాన్ని చెవులారా విన్న మనిషే, పని తెలిసినవారిని వెళ్లనివ్వకండి అన్నాడు. డాక్టరు దగ్గరకు వెళితే విశ్వాసం తక్కువైనట్టు మాట్లాడేవారు ఈ రెండు వచనాలను ఎలా దాటిపోతారో నాకు అర్థం కాదు.

తెల్లవారుతూ ఉండగా పౌలు అందరినీ భోజనం చేయమని బతిమాలాడు. పద్నాలుగు దినాలుగా వారు ఏమీ తినక కనిపెట్టుకొని ఉన్నారు. తింటేనే మీ ప్రాణాలు నిలుస్తాయని చెప్పి, తానే రొట్టె తీసుకొని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తినడం మొదలుపెట్టాడు. అప్పుడు అందరూ ధైర్యం తెచ్చుకొని తిన్నారు. లూకా అక్కడే లెక్క కూడా చెప్పాడు: ఓడలో ఉన్నవారు 276 మంది. వారిలో సైనికులున్నారు, ఖైదీలున్నారు, పౌలు దేవుణ్ణి ఎరగనివారే ఎక్కువ. వారిలో ఎవరినీ నీకు విశ్వాసం ఉందా లేదా అని ఆయన అడగలేదు. చివరకు ఓడ బద్దలైంది. ఈత వచ్చినవారు ముందు దూకారు, రానివారు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డుకు చేరారు. ఓడ దక్కలేదు. దీన్ని విజయం అనేవారు అనవచ్చు గాని, తడిసి, చలికి వణుకుతూ మెలితే ద్వీపం ఒడ్డున పడ్డవారు ఆ ఉదయం ఆ మాట వాడి ఉండరు.

మన నగరానికీ అలాంటి రాత్రి ఒకటి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వంతెనలను, ఇళ్లను ఊడ్చుకుపోయింది. సుమారు 15,000 మంది పోయారని చెబుతారు. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు నిలబెట్టుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఈనాటికీ ఉంది. అటుగా వెళ్లినప్పుడు ఒకసారి ఆగి చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వెళ్లి, పండితులు చెప్పిన ప్రకారం మూసీకి పూజాద్రవ్యాలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని పాతబస్తీ పెద్దలు చెప్పుకొనే కథ. ఆ కథను నేను గౌరవిస్తాను, ఎందుకంటే తన మతం కాని పద్ధతిలో తన ప్రజల కోసం వంగిన రాజు అందులో కనిపిస్తాడు. అయితే కథ అక్కడ ఆగలేదు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహా మీద 1920 నాటికి గండిపేటలో ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ కట్టారు. ప్రార్థించిన నగరమే ఆనకట్టలు కూడా కట్టించింది. కొమ్మ పట్టుకున్న 150 మందిలో అల్లాను, రాముణ్ణి, యేసును తలచుకున్నవారు అందరూ ఉండి ఉంటారు; ఎవరూ కొమ్మ వదిలి ప్రార్థించి ఉండరు.

ఇప్పుడు నా తగాదాకు వస్తాను. అయ్యగారు గడియారం చూస్తున్నారు, అయినా దీన్ని కుదించి చెప్పడం నా వల్ల కాదు.

నేను మెడికల్ వార్డులో పనిచేస్తున్న రోజుల్లో గుండె జబ్బుతో ఒక పెద్దామె చేరింది. కాళ్లు నీరు పట్టి ఉన్నాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, అందుకని మంచం తలవైపు ఎత్తి, వెనుక రెండు దిండ్లు పెట్టేవాళ్లం. అలాంటి రోగి రాత్రిపూట ఆయాసం పెరిగిన వెంటనే మాకు చెప్పడమే ముఖ్యం. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం మొదలైతే నిమిషాలు లెక్కే. ఒక సాయంత్రం పరామర్శ వేళలో నలుగురైదుగురు పాటల పుస్తకాలు, ప్లాస్టిక్ కవరులో బత్తాయిలు పట్టుకొని వచ్చారు. ఏ సంఘం వారన్నది ఇక్కడ అనవసరం. "రాత్రయితే భయమేస్తుందమ్మా, ఊపిరి అందదు" అని ఆమె చెప్పింది. వారిలో పెద్దగా ఉన్నామె వెంటనే, "భయం అపవాది పెట్టేది. విశ్వాసం ఉన్నచోట భయం ఉండదు. ఇకమీదట ఆ మాట నోట రానివ్వకు" అని గద్దించి, వార్డంతా వినబడేలా ప్రార్థన చేసి వెళ్లిపోయింది. పక్క మంచం మీద ఒక ముస్లిం ముసలామె, ఆమెకు తోడుగా కూతురు ఉండేవారు. ప్రార్థన సాగినంత సేపూ ఆ తల్లీకూతుళ్లు తలల మీద చున్నీలు సర్దుకొని మర్యాదగా కూర్చున్నారు.

అర్ధరాత్రి దాటాక ఆ కూతురే పరుగెత్తుకుంటూ వచ్చి, "సిస్టర్, జల్దీ ఆవో" అని పిలిచింది. వెళ్లి చూస్తే మా పెద్దామె మంచం అంచున కూర్చుని, రెండు చేతులతో ఇనుప కడ్డీని పట్టుకొని ఉంది. పెదవులు నీలంగా మారాయి, రవిక చెమటతో ఒంటికి అంటుకుపోయింది, గొంతులో గురగుర శబ్దం. డ్యూటీ డాక్టరు వచ్చి ఇంజక్షన్ ఇచ్చాడు, ఆక్సిజన్ పెట్టాం, తెల్లవారేసరికి మాట వచ్చింది. "గంట నుంచి ఆయాసం వస్తుంటే పిలవలేదేమమ్మా?" అని అడిగాను. మాస్కు కొంచెం పక్కకు జరిపి ఆమె అన్నది: "పిలిస్తే భయపడ్డట్టు అవుతుంది గదమ్మా. దేవుడేమనుకుంటాడో అని ఓర్చుకున్నా."

ఈ మాట చెప్పడానికే నేను వచ్చాను. ఆమెను చంపబోయింది ఆమె భయం కాదు, భయపడుతున్నానని చెప్పుకోలేకపోవడం. భయం ఆమె మంచం పక్కనున్న గంట లాంటిది; మన వాళ్లు వచ్చి ఆ గంట నాలుక కోసి పోయారు. పై వారం మళ్లీ వచ్చి, తమ ప్రార్థన వల్లనే ఆమెకు నెమ్మదించిందని అందరికీ సాక్ష్యం చెబుతుంటే, నేను వారిని వరండాలోకి పిలిచి చెప్పవలసినదంతా చెప్పాను. వారు నన్ను అవిశ్వాసి అన్నారు. ఆ రాత్రి పరుగెత్తిన ఆ ముస్లిం అమ్మాయి పేరు ఆ సాక్ష్యంలో ఎక్కడా లేదు.

మన ప్రభువైన యేసు సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఏమి చేశాడు? రాబోయే శ్రమ అనే ఆ గిన్నె తన యొద్దనుండి తొలగించమని తండ్రిని అడిగాడు. ఆయన చెమట రక్తబిందువుల వలె నేల మీద పడిందని లూకా రాశాడు. స్నేహితులను మెలకువగా ఉండమని బతిమాలాడు, వారు నిద్రపోయారు. మనం పరామర్శించే బృందంగా ఆ తోటకు వెళ్లి ఉంటే ఆయనకు కూడా ధైర్యం మీద ఒక ఉపన్యాసం ఇచ్చి ఉండేవాళ్లమా? యాభై ఆరవ కీర్తన రాసినవాడు, భయం కలిగిన దినమునే నిన్ను ఆశ్రయిస్తున్నానన్నాడు. భయం పోయాక వస్తాను, అప్పటి దాకా ఆగమని దేవునికి చెప్పలేదు.

2021 వేసవిలో మనమందరం చూశాం గదా. ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనుషులు వీధుల వెంట పరుగులు తీస్తుంటే ఫోన్లకు వచ్చే వాక్యాలకు లెక్కలేదు. వాక్యం చెడ్డదని నేను అనడం లేదు. కానీ ఆ రోజుల్లో మా వీధిలో ఒక కుటుంబానికి నిజంగా దేవుని మాటలా వినిపించింది, ఫలానా చోట ఒక సిలిండరు ఉందని ఎవరో చెప్పిన ఒక్క కబురు.

అందుచేత ఈ బృందంలో చేరేవారికి నా విన్నపం. మంచం మీద కూర్చోకండి, కుర్చీ లేకపోతే నిలబడండి. రోగి భయం అంటే, దేనికమ్మా భయం అని అడిగి, జవాబు వచ్చే దాకా నోరు మూసుకొని ఉండండి. ఆయాసం, నొప్పి అన్న మాట వింటే ప్రార్థన కంటే ముందు నర్సును పిలవండి. స్వస్థత కలుగుతుందని మాట ఇవ్వకండి, ఇచ్చే అధికారం మనకు లేదు. మందు మానమని గాని తగ్గించమని గాని పొరపాటున కూడా అనకండి. ప్రార్థన చేయవచ్చునా అని అడిగి, ఒప్పుకుంటేనే, పక్క మంచానికి వినబడనంత మెల్లగా చేయండి. పండ్లు కొనేముందు షుగరు ఉందేమో కనుక్కోండి. ఏ పాపం వల్ల ఈ జబ్బు వచ్చిందోనని ఎవరైనా నోరు జారితే, మిగిలినవారు ఆ మనిషిని చేయి పట్టుకొని బయటకు తీసుకురావాలి, అప్పుడు మొహమాటపడవద్దు.

అయ్యగారికి ఒక మనవి ఉంది. మన ఆరాధనలో సాక్ష్యాల సమయంలో జబ్బు తగ్గినవారు, వీసా వచ్చినవారు, కేసు గెలిచినవారే మైకు దగ్గరకు వస్తున్నారు. కష్టం ఇంకా తీరనివారు, తీరుతుందో లేదో తెలియనివారు వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. నెలకు ఒక ఆదివారమైనా వారికి కూడా రెండు నిమిషాలు ఇవ్వండి, నాకు భయంగా ఉంది, దేవునిని పట్టుకొనే ఉన్నాను అని చెప్పుకోనివ్వండి. అనుమతిస్తే మొదటి పేరు నాది రాసుకోండి. రొమ్ములో గడ్డ ఉందని ఈ మధ్య ముక్క తీసి పరీక్షకు పంపారు, గురువారం రిపోర్టు వస్తుంది. ఇన్నేళ్లు ఇతరుల రిపోర్టులు చేత్తో పట్టుకొని తిరిగినదాన్ని, నాది తలచుకుంటే చేతులు చల్లబడుతున్నాయి.

దీని గురించి నాకు ఫోనులో వాక్యాలు పంపకండి, నా దగ్గర బైబిలు ఉంది. స్త్రీల మైత్రి వారు గురువారం, శుక్రవారం మధ్యాహ్నం ఎవరితోనైనా కాస్త భోజనం పంపితే సంతోషిస్తాను, ఎందుకంటే ఆ రెండు రోజులు వండుకోగలనన్న నమ్మకం లేదు. బీపీ ఉంది గనుక ఉప్పు తక్కువ వేయండి. తెచ్చినవారు వీలైతే కూర్చుని నాతోపాటు తిని వెళ్లాలి.