"అలవాటైపోతుందిలే" అనకండి బాబూ

హాయ్ అండీ, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నా. 2023 జూన్ 2న మన ఒడిశాలోనే బహానగా దగ్గర మూడు రైళ్లు గుద్దుకున్నాయి కదా, అక్కడ పనిచేసొచ్చిన ఎన్డీఆర్ఎఫ్ (ప్రమాదాల్లో జనాన్ని కాపాడే కేంద్ర దళం) వాళ్లలో ఒకాయనకి నీళ్లు చూస్తే రక్తంలాగ కనిపించేదంట, ఇంకొకాయనకి ఆకలే చచ్చిపోయిందంట. ఎవరో గాలికి అన్న మాట కాదండీ, ఆ ఫోర్సు డైరెక్టర్ జనరలే బయటికి చెప్పారు.

సరే, వాళ్లంటే కళ్లారా చూశారు. మరి చూడకుండా, ఉత్తినే విన్నవాళ్ల సంగతేటి?

మా వదిన ఆడవాళ్ల కేసులు చూసే ఒక సెంటర్లో పనిచేస్తుంది. కొండ మీద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి సవర తప్ప రాదు, ఈవిడకి సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చు, అందుకని కేసు ఎవరిదైనా ఒడియాలోకి తిప్పి చెప్పడం మాత్రం ఈవిడే. కేసుతో వచ్చిన పిల్ల "నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చాడు" అంటే ఈవిడ కూడా ఒడియాలో "నన్ను ఈడ్చాడు" అనే చెప్పాలి, ఉన్నదున్నట్టు చెప్పమంటారు మరి. సాయంత్రం ఇంటికొచ్చి కూర వండుతుంది, బాగానే ఉంటుంది, కానీ కూతుర్ని ట్యూషన్‌కి ఆటో ఎక్కనివ్వదు, ఆ ఆటో అతను మా వీధివాడే, పిల్లని ఎత్తుకుని ఆడించినవాడే, అయినా వద్దంటుంది. రాత్రి గడియ పెట్టి పడుకుని, మళ్లీ లేచి వెళ్లి చూస్తుంది. మా అన్నయ్యేమో అనుమానం పిశాచమని నవ్వుతాడు. పై ఆఫీసరుకి చెప్తే "కొత్తలో అంతే, అలవాటైపోతుందిలే" అన్నాడంట.

అక్కడే నాకు ఒళ్లు మండేది. దీన్నే వికేరియస్ ట్రామా అంటారు, అంటే ఇంకొకరి గాయం విని విని మనకీ తగలడం, 1990లో మెకాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు దీని గురించి రాశారు, వాళ్లు చెప్పిందేటంటే ఇది అలసట కాదు, లోకం మీద, మనుషుల మీద ఉన్న నమ్మకమే మారిపోతుంది అని. అలసటైతే నాలుగు రోజులు సెలవు పెట్టి సింహాచలం వెళ్లొస్తే పోతుంది. ఇది అలా పోదు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో కూడా, అంటే అక్కడి సైకియాట్రిస్టుల పుస్తకం, ఉద్యోగంలో భాగంగా పదేపదే ఇలాంటివి వినడం వల్ల కూడా పీటీఎస్‌డీ (ఘోరం చూశాక మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు) రావచ్చని ఉంది, పిల్లల మీద అఘాయిత్యాల వివరాలు వినే పోలీసుల్ని ఉదాహరణగా ఇచ్చారు. టీవీలో చూసి బాధపడ్డం లెక్కలోకి రాదు, డ్యూటీ అయితేనే.

2018లో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి జనం పోయారు కదా, అలాంటప్పుడు శవాలు మోసినోళ్లని, అంబులెన్స్ డ్రైవర్ని, వార్డు ఆయాని ఎవరైనా కూర్చోబెట్టి నీకెలా ఉంది అని అడుగుతారా? డాక్టరుకైతే ఎవరో ఒకరు అడుగుతారులెండి.

యోగా డే పెట్టి సర్టిఫికెట్లిస్తే సరిపోదు నా లెక్కలో. బరువు కేసులన్నీ ఒక్కరి నెత్తిన పెట్టకూడదు, షిఫ్ట్ దిగేముందు పెద్ద స్టాఫ్ ఎవరో ఒకరు కాసేపు మాట వినాలి, పేషెంట్ పేరు చెప్పక్కర్లేదు, తనకెలా ఉందో చెప్తే చాలు. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఆఫీసరుకి మనసుంటే చాలు.

2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉంది, మనసు బాగోలేనివాళ్లకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ హెల్ప్‌లైన్, 14416, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. వదినా చెయ్యవే అంటే "మేం కేసులవాళ్లకిచ్చే నంబరు నాకెందుకురా" అంటుంది. ఇంకా చెయ్యలేదు. అవునూ, ఆ 14416లో కూర్చుని రోజంతా వినేవాళ్లూ ఇదే బాపతు కదా, షిఫ్ట్ అయ్యాక వాళ్ల మాట ఎవరు వింటున్నారో, లోపల పనిచేసేవాళ్లుంటే కాస్త చెప్పండి.