ఎదురెదురు వాకిళ్ళ యంత్రాల షెడ్డు

సభలో ఉన్న రైతు సోదర సోదరీమణులకు, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు నడుపుతున్న సంఘాల సభ్యులకు, మెకానిక్కులకు, మేస్త్రులకు నమస్కారం.

వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం 2014-15లో మొదలైన నాటి నుంచి మన ఊళ్ళలో ట్రాక్టర్లూ, రోటవేటర్లూ, నాటు మిషన్లూ, కోత మిషన్లూ ఉమ్మడిగా కొనుక్కోవడం పెరిగింది. ఏ కంపెనీ ట్రాక్టరు కొనాలనే విషయం మీద సంఘాలు నెలల తరబడి చర్చించుకుంటాయి. ఆ ట్రాక్టరు ఎక్కడ నిలబడాలన్న సంగతి మాత్రం అది ఊళ్ళోకి వచ్చిన రోజున, చెట్టు కింద నిలబెట్టాక గుర్తుకు వస్తుంది. ఆ తర్వాత ఖాళీ స్థలంలో మూడు వైపులా గోడ, ఒక వైపు వాకిలి, పైన రేకులు వేసేసి దాన్ని షెడ్డు అంటాము. అటువంటి షెడ్డును నేనూ ఒకప్పుడు గీసి ఇచ్చాను. కార్తీకమాసంలో వాన సూచన వచ్చి కోత మిషను అత్యవసరంగా బయటికి తీయవలసిన రోజున దాని ముందు రెండు ట్రాక్టరు ట్రక్కులూ ఒక రోటవేటరూ అడ్డంగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా లాగి మిషనును బయటికి తెచ్చేసరికి పూట గడిచిపోయింది, వెనక్కి తీస్తున్న ట్రక్కు తగిలి ఒక స్తంభం వంగింది. ఆ రైతు చేను తడిసింది. ఆ నష్టానికి కారణం నేను గీసిన గీతేనన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇటు వచ్చి అటు పోయే షెడ్డు గురించి నేను పట్టుదలగా మాట్లాడటం అప్పటి నుంచే. ట్రాక్టరు వెనక రెండు చక్రాల ట్రక్కు తగిలించి వెనక్కి తీసేటప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే ట్రక్కు దానికి ఎదురు వైపు తిరుగుతుంది. చేయి తిరిగిన డ్రైవరుకు కూడా చీకట్లో, వానలో అది కష్టమే. వెనక నిలబడి చేయి ఊపే కుర్రవాడు డ్రైవరుకు కనిపించడు, ప్రాణాలు పోయేది అక్కడే. వెనక్కి తీయవలసిన అవసరమే లేకుండా షెడ్డును గీస్తే ఆ ప్రమాదం చాలావరకు తొలగుతుంది.

రెండు వైపులా వాకిలి అనగానే చాలామంది కొప్పు (కప్పు రెండు వాలులూ పైన కలిసే చోటు) పొడవునా ఒక సొరంగంలా ఊహిస్తారు, అంటే త్రికోణపు గోడలుండే రెండు చివరలనూ తెరిచి, ఒక చివర లోపలికి వచ్చి మరో చివర బయటికి పోవడం. యంత్రం ఒకటో రెండో ఉంటే అది చాలు. ఆరేడు ఉంటే ఒకే వరసలో నిలబెట్టవలసి వస్తుంది, అప్పుడు చివరి రెండూ బయటికి వస్తాయి గాని మధ్యవి మళ్ళీ చిక్కుకుంటాయి. నేను చెప్పేది దానికి అడ్డంగా ఉంటుంది. కొప్పు తూర్పు పడమరలుగా సాగాలి, చూరుల వైపు, అంటే ఉత్తరాన, దక్షిణాన, తెరిచి ఉంచాలి. పాత పెంకుటిళ్ళను మనం అంకణాలతో లెక్కించినట్టే దీన్నీ అంకణాలుగా, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలుగా, విడగొట్టి, ఒక్కో యంత్రానికి ఒక్కో అంకణం ఇవ్వాలి. దక్షిణపు చూరు కింద లోపలికి వచ్చిన యంత్రం ఉత్తరపు చూరు కింద బయటికి పోతుంది. ఏదీ మరొకదానికి అడ్డం రాదు. రేపు ఇంకో యంత్రం కొంటే తూర్పున ఇంకో అంకణం కలుపుకోవచ్చు.

ఇక కొలతలు. మన ప్రాంతంలో వాడే 45 హార్స్ పవర్ ట్రాక్టరు సుమారు 3.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉంటుంది. రోటవేటరు తగిలిస్తే 5 మీటర్లకు కాస్త అటూఇటూ, ట్రక్కు తగిలిస్తే దాదాపు 8 మీటర్లు. అందుచేత లోపలి దారి 12 మీటర్లు ఉంటే ట్రక్కుతో సహా ట్రాక్టరు నిలబడి, ముందూ వెనకా మనిషి తిరగడానికి చోటు మిగులుతుంది. అంకణం వెడల్పు స్తంభం మధ్య నుంచి స్తంభం మధ్యకు 4.5 మీటర్లు పెట్టండి. యంత్రం వెడల్పు చూసి 3 మీటర్లు చాలుననిపిస్తుంది గాని, పక్కన నిలబడి గ్రీజు కొట్టాలి, టైరు విప్పాలి, దమ్ము చక్రాలు ఎక్కించాలి. మీ మండలంలో టైర్ల కోత మిషను వాడుక ఉంటే దాని కోత పట్టీయే 14 అడుగులు ఉంటుంది కాబట్టి ఒక అంకణాన్ని 6 మీటర్లు చేయండి. చైన్ల మిషను అయితే 4.5 మీటర్లలోనే సుఖంగా పడుతుంది.

ఎత్తు దగ్గర జరిగే తప్పు ఒకటుంది. అందరూ కొప్పు ఎత్తు చెబుతారు. యంత్రానికి తగిలేది కొప్పు కాదు, చూరు దూలమూ, స్తంభానికీ కప్పుకూ మధ్య ఏటవాలుగా వేసే కొడవలి కమ్మీలూను. నేల పూర్తయిన తర్వాత, ఆ నేల మీద నుంచి చూరు దూలం అడుగు వరకు 4.5 మీటర్లు ఖాళీ ఉండాలి. నేల పూర్తయిన తర్వాత అని ఎందుకంటున్నానంటే, డెల్టాలో నీటి భయంతో నేలను 45 సెంటీమీటర్లు ఎత్తు చేస్తాము, ఆ ఎత్తును కొలతలో కలపడం మరచిపోతాము. ఆ మేరకు రెండు వైపులా పదికి ఒకటి వాలుతో నాలుగున్నర మీటర్ల ర్యాంపు కూడా కావాలి.

ఇప్పుడు గాలి సంగతి. నా దృష్టిలో ఈ షెడ్డు బతుకంతా దీని మీదే ఆధారపడి ఉంది. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగంలో విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులకు ప్రాథమిక గాలి వేగం, అంటే కట్టడం లెక్కకు మొదట తీసుకోవలసిన వేగం, సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పెడుతుంది, కర్నూలులో అదే 93 కిలోలు. 12 మీటర్ల దారి, 4.5 మీటర్ల అంకణం ఉన్నప్పుడు చూరు వరసలో చివరివి కాని స్తంభాల్లో ఒక్కొక్కదాని వంతుకు 27 చదరపు మీటర్ల కప్పు వస్తుంది. లెక్క తేలికగా ఉండటానికి గాలి పూర్తి ఒత్తిడితో పైకి లాగుతుందనుకుంటే అది 4 టన్నులు దాటుతుంది. రేకులూ, వాటిని మోసే ఇనుప చట్రాలైన ట్రస్సులూ కలిపి చదరపు మీటరుకు 20 కిలోలున్నా ఆ వంతు కప్పు బరువు అర టన్నే. మిగిలిన మూడున్నర టన్నులను కిందికి పట్టి ఉంచవలసింది పునాది. అంటే ఇంటి పునాది బరువును మోస్తుంది, ఈ షెడ్డు పునాది షెడ్డు ఎగిరిపోకుండా పట్టుకుంటుంది. మూడున్నర టన్నులకు దాదాపు ఒకటిన్నర ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి, పైన కప్పిన మట్టి బరువు కొంత తోడ్పడుతుంది. మోకాలి లోతు గుంటలో స్తంభం అడుగు పలకను (బేస్ ప్లేటు) పెట్టి రెండు బోల్టులు బిగిస్తే ఆ పని జరగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజున అక్కడి విమానాశ్రయం పైకప్పే దెబ్బతిన్నది. మన రేకుల షెడ్ల మాట చెప్పనక్కరలేదు.

నల్లరేగడి నేలలో ఇంకొక చిక్కు ఉంది. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, పైపైన వేసిన పునాదిని ఏటేటా కదిలిస్తుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇందుకోసమే అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని అభివృద్ధి చేసింది. నేలలోకి సన్నగా దిగి, అడుగున ఉల్లిగడ్డలా లావెక్కే కాంక్రీటు స్తంభాలవి. మట్టి కదలని లోతుకు దిగుతాయి కాబట్టి ఉబ్బు బాధ తప్పుతుంది, అడుగున లావు ఉంటుంది కాబట్టి గాలి పైకి లాగినా ఊడిరావు. ఒక్క ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి గనుక నల్లరేగడిలో కట్టేవారు వీటిని తప్పక పరిశీలించాలి.

రెండు వైపులా తెరిచిన షెడ్డుకు గాలి భయం ఎక్కువ కదా అని మీరు అడగవచ్చు. అన్నిటికంటే ప్రమాదం ఒక వైపు మాత్రమే తెరిచిన షెడ్డుకు. లోపలికి వచ్చిన గాలికి పోయే దారి లేక కప్పును అడుగు నుంచి తన్నుతుంది, పైన వీచే గాలి అదే సమయంలో లాగుతుంది. రెండు వైపులా తెరిచి ఉంటే వచ్చిన గాలి పోతుంది. అయితే ఒక్క షరతు ఉంది, దారిలో ధాన్యం బస్తాలు, గడ్డి మోపులు పేర్చి ఒక వైపు మూసేస్తే అది మళ్ళీ ఒక వాకిలి షెడ్డే అవుతుంది. షట్టర్లు వేసినా అంతే. ఒక్క షట్టరు ఊడితే చాలు. దొంగల భయానికి ఇనుప జాలీ గేట్లు పెట్టండి, గాలి పోతుంది, మనిషి పోలేడు.

గోడలు లేని చోట కట్టడం ఊగకుండా చూడటం రెండో సమస్య. దారి వెంబడి ఊగకుండా ప్రతి ఫ్రేమూ తనంతట తాను నిలబడగలగాలి, అందుకే స్తంభానికీ కప్పుకూ కలిసే చోట కొడవలి కమ్మీలు గాని, గట్టి వెల్డింగు పలకలు గాని అవసరం. కొప్పు పొడవునా ఊగకుండా స్తంభాల మధ్య అడ్డదిడ్డంగా ఇంటూ ఆకారపు కమ్మీలు వేయాలి, కాని తెరిచిన అంకణంలో వేస్తే యంత్రం పోదు. అందుకని ఆరు అంకణాల్లో ఒకదాన్ని వదులుకొని, రెండు చూరుల వైపులా కమ్మీలు వేసి, గోడ కట్టి, పనిముట్ల గదిగా వాడుకోండి. తూర్పు పడమటి చివరలను కూడా గోడతో మూయండి. డీజిలు, ఎరువు మాత్రం ఆ గదిలో పెట్టవద్దు. డీజిలుకు నిప్పు భయం, యూరియా తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది.

పడమటి గోడ మూసి ఉండటం ఎండకూ మంచిదే, ఎందుకంటే టైర్లనూ రబ్బరు గొట్టాలనూ పాడుచేసేది వాలిన సాయంకాలపు ఎండ. దక్షిణం తెరిచి ఉన్నా, విజయవాడ అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు 1.2 మీటర్లు బయటికి ఉంటే ఆ వేళ ఎండ సుమారు రెండున్నర మీటర్ల వరకే లోపలికి వస్తుంది. అంతకంటే చూరు పెంచవద్దు, గాలి ముందుగా పట్టుకొనేది చూరునే. చూరు అంచుల వెంబడి, మూలల్లో, కొప్పు దగ్గర స్క్రూలు మిగతా చోట్ల కంటే దగ్గరగా వేయించండి. చూరు నీరు వాకిట్లో పడకుండా రెండు వైపులా గట్టరు తప్పనిసరి.

స్థలం గురించి నిజం చెప్పాలి. లోపల 12 మీటర్లు, ట్రక్కుతో తిరగడానికి ముందు 12, వెనక 12, పొడవు ఆరు అంకణాలకు 27 మీటర్లు, పక్కన కాస్త ఖాళీ కలిపితే సుమారు 27 సెంట్లు అవుతుంది. అంత స్థలం లేనివారు ఈ పద్ధతి జోలికి పోవద్దు, వెనక తిరిగే చోటు లేని రెండో వాకిలి వల్ల ఖర్చు తప్ప ప్రయోజనం లేదు.

ఇనుము కొనే ముందు ఒక పని చేయండి. స్థలం చదును చేయించి, స్తంభాలు వచ్చే చోట కర్రలు పాతి, గోడలు వచ్చే చోట సున్నం గీసి, మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన బండిని, ట్రక్కు తగిలించిన ట్రాక్టరును, లోపలికి తోలించండి. అనుభవమున్న డ్రైవరుతో ఒకసారి, కొత్త కుర్రవాడితో ఒకసారి, పొద్దు గుంకిన తర్వాత మరొకసారి. ఎక్కడ చక్రం కర్రను తాకిందో అక్కడ కర్రను జరపండి. పునాది గొయ్యి ఆ తర్వాతే తీయించండి.